ఇంజన్ ఆపిన నిమిషం

పోలిరాజు మొండితనం జాలరిపేట షాదీపూర్‌లో అందరికీ తెలిసిందే. అయినా ఏకంగా డాక్టరమ్మతోనే వాదానికి దిగుతాడని అతని భార్య నూకరత్నం కూడా అనుకోలేదు.

"నేల మీదుంటేనే మేడం, గుండికాయ గడ్‌బడ్ సేత్తాది. సముద్రంలో ఎక్‌దమ్ ఠీక్!" అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

డాక్టర్ లవీనా నవ్వాపుకుని ఈసీజీ కాగితం చూపించింది. గీతకూ గీతకూ మధ్య దూరం ఎక్కడా ఒక్కలా లేదు.

"దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు అంకుల్. గుండె పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతున్నాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. ఈ గోలీ పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఇది గుండె వణుకు ఆపదు, గడ్డ కట్టనివ్వదు. బాగానే ఉన్నాను కదా అని మానొద్దు. వేటకెళ్లండి, కానీ గ్లవ్స్ వేసుకోండి. తెగితే రక్తం తొందరగా ఆగదు."

గోలీలు ఇంటికైతే వచ్చాయి, పోలిరాజు నోట్లోకి మాత్రం పోలేదు. నాలుగు రోజులు నూకరత్నం బతిమాలింది, తిట్టింది, ఒక పూట మాట్లాడటం మానేసింది. ఆమె అన్న ఇలాగే గుండెదడను పట్టించుకోక, ఒకనాటి పొద్దున టీ గ్లాసు జారవిడిచి, కుడిచెయ్యీ మాటా రెండూ పోగొట్టుకున్నాడు. ఆరేళ్లు అతనికి ముద్దలు కలిపి పెట్టింది ఆమే. అందుకే ఆమెకు అంత భయం.

అయిదోనాడు జెట్టీ దాకా వెంటబడి వచ్చింది. "సముద్రంలో బాగుంటాదన్నావు కదా. నానూ వత్తాను పద. అక్కడే సూత్తాను నీ నాడి."

ఆడవాళ్లు పడవెక్కితే వల ఖాళీగా వస్తుందని అక్కడి జాలర్లకు గట్టి నమ్మకం. వైజాగ్ నుంచి ఓడలో ఇంత దూరం ఈ దీవులకు వచ్చిన అతని నాయనమ్మ కూడా ఇంటి డింగీ పడవలో కాలు పెట్టి ఎరగదు.

"దిగిపో భాభీ, సేపలు పడవు," అన్నాడు అతనితో వేటకొచ్చే జోగులు.

"మీ అన్న పడిపోతే సేపలేటి సేసుకుంటావురా?" అని ఆమె చీర ఎత్తి దోపుకుని ఎక్కి కూర్చుంది.

ఒడ్డు దూరమయ్యాక పోలిరాజు దర్జాగా చెయ్యి చాచాడు. నూకరత్నం అతని మణికట్టు మీద వేళ్లు పెట్టింది. దబదబదబ, ఒకటే తీరు. ఆమె ముఖం చిన్నబోయింది. అతను మీసం కింద నవ్వుకున్నాడు.

ఎందుకో ఆమె ఆ వేళ్లే తీసి పడవ చెక్క మీద పెట్టింది. అక్కడా అదే దబదబ. తన మణికట్టు మీద పెట్టుకుంది. అదే.

"జోగులూ, ఇంజన్ ఆపు!"

ఇంజన్ ఆగింది. చెక్కకు నీళ్లు తగిలే చప్పుడొక్కటే మిగిలింది.

"ఇప్పుడు నువ్వే సూసుకో, మావా."

పోలిరాజు వేళ్లు పెట్టుకున్నాడు. రెండు దెబ్బలు కొట్టి ఆగింది. గబగబా మూడు కొట్టింది. మళ్లీ ఆలస్యంగా ఒకటి. ఏ ఇంజన్‌లో ఏ బోల్టు వదులైందో దూరం నుంచే చెప్పగల మనిషి, ఇన్నేళ్లూ ఇంజన్ అదురు చాటున తన గుండె తడబాటే తెలుసుకోలేకపోయాడు. సముద్రం అతనికి ఏ వైద్యమూ చేయలేదు.

తలెత్తేసరికి నూకరత్నం అతని కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకేటయ్యిందే?"

"ముద్దలు కలిపి పెట్టడానికి నాకేటి కష్టం నేదు, మావా. నువ్వు నాతో దెబ్బలాడ్డం మానెత్తావేమో అని భయం."

పోలిరాజు అరచెయ్యి చాచాడు. "తెచ్చావా?"

ఆమె కొంగుముడి విప్పింది. అతను గోలీ వేసుకుని, సీసాలో నీళ్లు తాగి, పడవ అడుగున పడేసిన కొత్త గ్లవ్స్ వెతికి తొడుక్కున్నాడు.

ఆ రోజు వలలో ఏమంత పడలేదు. జోగులు వదినగారి వైపు ఓరగా చూడబోయాడు.

"అటు సూడకురా," అన్నాడు పోలిరాజు, గ్లవ్స్ చేతులు రెండూ పైకెత్తి. "దీని వల్ల కాదు, వీటి వల్ల. నాకింకా అలవాటు అవ్వనేదు."