పడ్డాక ఎటు చూసిండు

ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటే మిగిలింది. రిఫరీ రాయమల్లు సారు ఆ గోరు కూడా కత్తిరించి, బొగ్గుగని జట్టు ఆటగాడి చెయ్యి వదిలిపెట్టాడు. మీసాలు వచ్చిన మగవాళ్లు చేతులు చాపి వరుసలో నిలబడటం చూసి చుట్టూ జనం నవ్వుతున్నారు. ఆసిఫాబాద్‌లో బాస్కెట్‌బాల్ ఆట ఇలాగే మొదలవుతుంది. గోళ్లయ్యాక ఉంగరాలు, కడియాలు. జబ్బకు తాయెత్తు ఉంటే మాత్రం తీయమనడు. దాని మీద బట్ట చుట్టి తానే ముడి వేస్తాడు.

"దేవుడు ఉండనీ. ఎదుటోని కండ్లల్ల మాత్రం పొడువద్దు," అంటాడు.

సారుకు యాభై రెండేళ్లు. సన్నటి మనిషి. ఖాకీ నిక్కరు, పిక్కల మీద ఉబ్బిన నరాలు. నిజాం కాలంలో డ్రిల్ మాస్టరుగా చేరి ఉర్దూలో కవాతు చేయించాడు. రాజ్యం మారాక ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చేయించాడు. కవాతు మారలేదు, ఆయన హోదా కూడా మారలేదు. ఇరవై ఏళ్లుగా ఆటలు ఆడిస్తున్నా బంతి బుట్టలో పడటం ఆయన చూసింది తక్కువ. జనమంతా బంతినే చూస్తారు గనుక మోచేతులూ పాదాలూ చూడటానికి ఒకడుండాలని ఆయన అభిప్రాయం.

తగలడం వేరు, తగిలించడం వేరు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. తేడా పట్టడానికి ఆయనకు సొంత పద్ధతి ఒకటుంది. మనిషి పడగానే, పడేసినవాడి కళ్లు ఎటు పోయాయో చూస్తాడు. కావాలని చేయనివాడు పడ్డవాడిని చూస్తాడు. కావాలని చేసినవాడు ముందు రిఫరీని చూస్తాడు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదని ఆయనకు లోపల కొంచెం గర్వం.

ఆ రోజు కాగితం మిల్లు ఆఫీసరు రామేశ్వర్‌రావు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. మిల్లు జట్టుకు ఒక ఆటగాడు కావాలి. ఎంపికైనవాడికి గుమాస్తా ఉద్యోగం. ఊళ్లో అందరి నోటా లచ్చయ్య పేరే. ఐదో తరగతి నుంచి రాయమల్లు సారు చేతికింద ఆడి, ఇప్పుడు ఊరి జట్టులో ఉన్నవాడు. తండ్రి లేడు. తల్లి ఐలవ్వ బీడీలు చుడుతుంది. ఆమె కూడా వచ్చి, గీతకు దూరంగా కొంగు నెత్తిన కప్పుకొని నిలబడింది.

ఆట రెండో సగంలో గని జట్టు హనుమండ్లు బంతితో బుట్ట మీదికి ఎగిరాడు. అతను దిగేచోట లచ్చయ్య పాదం ఉంది. జనం బంతిని చూసి కేక పెట్టారు. హనుమండ్లు మోచేతి మీద పడ్డాడు, ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. సారు తలెత్తి లచ్చయ్య ముఖం చూశాడు. లచ్చయ్య ఆయన్నే చూస్తున్నాడు.

విజిల్ మోగింది. సారు వేలు గీత బయటికి చూపించింది.

"ఫౌలియ్యిండ్రి సారూ, ఎల్లగొట్టకుండ్రి!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"సారూ..." అన్నాడు లచ్చయ్య.

"నడువు."

ఆట ముగిశాక రామేశ్వర్‌రావు ఆయన్ను పిలిచాడు. "మాస్టర్, కావాలనే చేసిండంటవా?"

"కావాలనే సార్."

ఆఫీసరు చేతిలోని కాగితం మీద ఒక పేరు కొట్టేసి జీపెక్కాడు. చెయ్యి విరిగిన హనుమండ్లును దవాఖానకు తీసుకుపోయారు. సారు బడి వరండాలో కుర్చీ వేసుకొని చెమట తుడుచుకుంటుంటే ఐలవ్వ వచ్చింది. ఏడవడం లేదు, తిట్టనూ లేదు.

"వాడు కాలు ఎట్ల పెట్టిండో నాకు తెల్వది సారూ. కావాలనే పెట్టిండని మీకెట్ల తెలిసింది?"

"ఆ పిలగాడు పడంగనె నా దిక్కు చూసిండు ఐలవ్వా. తప్పు చేసినోడే గట్ల చూస్తడు."

ఐలవ్వ ఆయన ముఖంలోకి వింతగా చూసింది.

"చిన్నప్పటి సంది వాడు మీ దిక్కే చూస్తడు గద సారూ. కింద పడ్డా, బంతి మంచిగేసినా, ముందుగాల మిమ్ముల్నే ఎతుకుతడు. బాపు లేనోడాయె. గింతకాలం మీరు చూడనే లేదా?"

ఆయన చూడలేదు. పదేళ్లు ఆ కుర్రవాడి పాదాలు చూశాడు, మోచేతులు చూశాడు. ముఖం చూసింది ఈ రోజే. ఆ పాదం కావాలని పెట్టిందో కాదో ఇప్పుడు ఆయనకు తెలియదు. తెలియదని తెలిసేసరికి సిగ్గు వేసింది.

"ఏడున్నడు?"

"బల్లార్షా పోతుండు. మేనమామ కట్టె డిపోల పనికి పెడ్తడట. బస్సుకాడికి పోయిండు."

సారు నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. పరుగెత్తండని వేలమందికి చెప్పిన మనిషి తాను పరుగెత్తి చాలా ఏళ్లయింది. బస్సు అప్పటికే కదులుతోంది. కిటికీ పక్కన లచ్చయ్య ఒళ్లో మూటతో కూర్చున్నాడు.

"లచ్చయ్యా! మిల్లుకు నేనొస్త! సార్‌తోని మల్ల మాట్లాడ్త!"

దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. బస్సులో ముందు సీట్లవాళ్లు కూడా చూశారు. లచ్చయ్య డ్రైవరు వీపు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఆయన బడికి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఐలవ్వ వెళ్లిపోయింది. వరండా మెట్టు మీద, లచ్చయ్య తొడుక్కుని ఆడిన బడి బూట్లు ఉన్నాయి. ఆమె వాటి దుమ్ము తుడిచి, లేసులు ముడివేసి, మొనలు సారు కుర్చీ వైపు తిప్పి పెట్టి పోయింది.