పైన ఆగిన సుద్దముక్క

బల్ల మీది పుస్తకం దానంతట అది కదలదు, ఎవరో ఒకరు తోయాలి, కదిలే బండి దానంతట అది ఆగదు, ఏదో ఒకటి అడ్డుపడాలి, ఉన్నది ఉన్నట్టే ఉండిపోవాలనే ఆ మొండితనానికి ఒక పేరుంది, జ తో మొదలవుతుంది, జలుబు కాదు, జవాబు కాదు, వరండా గోడ పట్టుకుని నడుస్తున్నానని ఇప్పుడే చూసుకున్నాను, ఎవరైనా చూస్తే ఇంకా తూలుతోందనుకుంటారు, చెయ్యి తీసేశాను, జడత్వం, అదే, వచ్చేసింది, ఇక తరగతి గుమ్మం దాకా దాన్ని జారిపోకుండా పట్టుకెళ్ళాలి, జడత్వం, జడత్వం, కొట్టుకి పంపిన చిన్నపిల్ల తేవాల్సిన సరుకు పేరు వల్లించుకుంటూ వెళ్ళినట్టు వెళ్తున్నాను, ఈ కాలేజీలో జుట్టు నెరిసేదాకా భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ నెరిసిన జుట్టూ ఇప్పుడు లేదు, వంటింట్లో జారిపడి తల గట్టుకు తగిలి లోపల నెత్తురు గడ్డకడితే పుర్రె తెరిచి తీశారు, అప్పుడు గీసేసిన జుట్టు ఇంకా చెవుల మీదికి కూడా దిగలేదు, మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, మా ఆయన్ని అడిగితే పెళ్ళినాటి అలకలతో సహా అన్నీ తిరిగొచ్చాయంటాడు, రానిదల్లా ఈ పాఠం ఒక్కటే, అదీ పూర్తిగా పోయిందా అంటే పోలేదు, కొత్తగా మారిన ఇంట్లో సర్దని సామాన్లలా ఏది ఎక్కడుందో తెలియదు, వడి కోసం చెయ్యి పెడితే వేగం తగులుతుంది, భారం వెతికితే ద్రవ్యరాశి దొరుకుతుంది, ప్రిన్సిపాల్ ఫోన్ చేసి పరీక్షలు దగ్గరికొచ్చాయి, యాంత్రికశాస్త్రం మొదట్నుంచీ ఒకసారి తిరగేయించాలి, మీకు వీలైతేనే సుమండీ, లేకపోతే మీ శిష్యుడున్నాడుగా అన్నాడు, ఆ లేకపోతే అన్న మాట ముల్లులా దిగింది, నాకేమైంది, నేను శుభ్రంగా ఉన్నాను, నేనే చెప్తాను అనేశాను, అప్పట్నుంచీ రోజూ పొద్దున మా ఆయనే నా విద్యార్థి, కళ్ళజోళ్ళ కొట్టు తెరవడానికి వెళ్ళేముందు భోజనాల బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంటాడు, ఏం చెప్పినా తలూపుతాడు, ఒక్కసారి మాత్రం, స్థానభ్రంశం అంటే బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటికే లెక్కయితే పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికే వచ్చే నేను రోజంతా ఎక్కడికీ పోనట్టేనా, మరి నా మోకాళ్ళెందుకు నొప్పి పెడుతున్నాయి అన్నాడు, ఆసుపత్రి నుంచి వచ్చాక నేను కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది అప్పుడే.

గుమ్మంలో అడుగుపెట్టగానే అందరూ లేచారు, కూర్చోమన్నాను, అన్ని కళ్ళూ ముందు నా తల మీదికి వెళ్ళి, అక్కడ ఆగకూడదని ఎవరో చెప్పి పంపినట్టు చప్పున నల్లబల్ల మీదికి దూకాయి, ఫరవాలేదు, చూడండి, జుట్టే కదా, పెరుగుతుంది అందామనుకుని అనలేకపోయాను, మోకాళ్ళ సంగతి మాత్రం నా సొంత మాటలా చెప్పాను, నవ్వారు, ఆ నవ్వుతో నా వెన్ను నిటారైంది, బల్ల దగ్గర్నుంచి తలుపు దాకా నడిచి మళ్ళీ వచ్చి ఇప్పుడు నా స్థానభ్రంశమెంత అంటే సున్నా అని ఒక్క గొంతుతో అన్నారు, జడత్వం రావలసిన చోట జడత్వం ఠంచనుగా వచ్చింది, బస్సు బ్రేకు వేస్తే ముందుకు ఎందుకు తూలుతామో చెప్పాను, బలం చెప్పాను, బాణం గుర్తులు గీశాను, గీత వంకర పోలేదు, ఇదిగో ఇదే నేను, ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు అని లోపల ఎవరో పాడుతున్నట్టుంది, ఆ ఊపులో సుద్దముక్క పైకి విసిరి పట్టుకున్నాను, చెయ్యి వణకలేదు, అందుకని మళ్ళీ విసిరాను, చూస్తున్నారుగా, పైకి పోయినకొద్దీ వేగం తగ్గుతుంది, తగ్గి తగ్గి ఒకచోట ఆగుతుంది, అక్కడ వేగం సున్నా, కాబట్టి త్వరణం కూడా సున్నా, రాసుకోండి అన్నాను, ముందు బెంచీలో రెండు జడల పిల్ల కలం ఎత్తి నా వంక చూసింది, పక్కపిల్ల వంక చూసింది, పక్కపిల్ల మోచేత్తో పొడిచింది, ఇద్దరూ తలలు వంచి రాసుకున్నారు, వెనక బెంచీల్లో కూడా తలలన్నీ వంగాయి, ఆహా, ఎంత శ్రద్ధగా వింటున్నారు, ఇంతకుముందెప్పుడూ ఇంత బుద్ధిగా రాసుకోలేదే అని నేను మురిసిపోయాను, గంట కొట్టాక కూడా ఎవరూ నాకంటే ముందు లేవలేదు, ఒకడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, మరొకడు జాగ్రత్త మేడం, అక్కడ మెట్టుంది అన్నాడు, ఆ మెట్టు ఎక్కడుందో వాడు పుట్టకముందు నుంచీ నా కాళ్ళకు తెలుసు.

స్టాఫ్‌రూములో కూర్చుని మా ఆయనకు ఫోన్ చేసి బ్రహ్మాండంగా చెప్పాను అన్నాను, నాకు తెలుసుగా అన్నాడు, ఎవరికో కళ్ళజోడు బిగిస్తున్నట్టున్నాడు, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నాడు, మంచినీళ్ళ సీసా తరగతిలోనే మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చి వెనక్కి నడిచాను, లోపల పొడుగబ్బాయి ఉన్నాడు, ప్రిన్సిపాల్ నా శిష్యుడన్నది ఇతన్నే, ఒకప్పుడు ఇదే గదిలో కాళ్ళు బెంచీ కింద పట్టక పక్కకు చాపుకుని కూర్చునేవాడు, అందుకని ఆ పేరు పెట్టాను, ఇప్పుడు నాతో పాటు పాఠాలు చెప్తున్నాడు, అతని తరగతి ఇంకా మొదలైనట్టు లేదు, రెండు జడల పిల్ల గొంతు వినిపించింది, సార్, పైన ఆగినప్పుడు త్వరణం సున్నా అని మేడం చెప్పారు, పరీక్షలో ఏం రాయమంటారు, నా చెయ్యి తలుపు మీద ఉంది, తోయలేదు, సున్నా కాదు, నీకు తెలుసు కదమ్మా అన్నాడు, తెలుసు సార్, అందరికీ తెలుసు అంది, మరి అక్కడే అడగొచ్చుగా అన్నాడు, పాపం సార్, మేడం ఎంతో కష్టపడి చెప్తున్నారు, ఎలా అడుగుతాం అంది, తరగతిలో ఎవరూ నవ్వలేదు, ఎవరైనా నవ్వితే బాగుండును, పాపం అన్న ఆ రెండక్షరాలు చెవిలో పడి ఒళ్ళంతా పాకాయి, అందరికీ తెలుసు, తెలిసే తలలు వంచారు, తప్పని తెలిసే రాసుకున్నారు, నేనది శ్రద్ధ అనుకున్నాను, మురిసిపోయాను, ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను, నీళ్ళ సీసా అక్కడే వదిలేసి పిల్లి నడక నడిచి వచ్చేశాను, దొంగతనం చేసినదానిలా.

కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను, మంట తగ్గదు, సున్నా ఎలా అవుతుంది, భూమి లాగడం మానేస్తుందా, పైకి పోయేటప్పుడు లాగింది, కిందికి వచ్చేటప్పుడు లాగింది, మధ్యలో ఆ ఒక్క చోట సెలవు పెడుతుందా, త్వరణం సున్నా అయితే ఆగిన సుద్దముక్క ఆగినట్టే గాల్లో వేలాడుతూ ఉండిపోవాలి, నా నెత్తి మీద, ఇప్పటికీ, ఈ మాట ఇంత తేలిగ్గా ఇప్పుడు వచ్చింది, అంతమంది ముందు ఎందుకు రాలేదు, అద్దంలో పొట్టి జుట్టు తడిసి నిక్కబొడుచుకుని ఉంది, గుడ్డు లోంచి అప్పుడే బయటికొచ్చిన పక్షిలా ఉన్నాను, ఆసుపత్రిలో నేను చెంచా పట్టుకున్నందుకు నర్సమ్మ చప్పట్లు కొట్టేది, భలే భలే అనేది, నేనూ పళ్ళికిలించేదాన్ని, ఈ రోజు పిల్లలు కొట్టినవీ ఆ చప్పట్లే, చప్పుడు లేకుండా కొట్టారు అంతే, ఒక్క అనుమానం మాత్రం పురుగులా తొలుస్తోంది, ఇంట్లో బల్ల దగ్గర కూడా ఇదే చెప్పాను కదా, మళ్ళీ ఫోన్ చేశాను, ఏమండీ, పైకి విసిరింది ఆగినచోట త్వరణం సున్నా అని మీకు చెప్పానా అన్నాను, చెప్పావు అన్నాడు, మీకేమీ అనిపించలేదా అన్నాను, కొట్టులో గోడగడియారం వినిపించింది, నువ్వు లోపలికెళ్ళాక పుస్తకం తెరిచి చూశానే, అందులో వేరేలా ఉంది, నాకేం తెలుసు, నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదేమో అనుకున్నాను అన్నాడు, నిజం చెప్పండి అన్నాను, నువ్వు అంత హుషారుగా చెప్తున్నావు, ఆ మొహం చూస్తే నోరు రాలేదు అన్నాడు, కోపం వచ్చింది, కోపం వచ్చినందుకు మళ్ళీ సిగ్గేసింది, ఒక్క మాట తప్పంటే ఎక్కడ విరిగిపోతానో అని ఇంట్లో ఆయనా ఇక్కడ పిల్లలూ నా చుట్టూ మునివేళ్ళ మీద నడుస్తున్నారు, నేనే కదా వాళ్ళను అలా నడిపిస్తున్నది, నేను శుభ్రంగా ఉన్నాను అని దారిన పోయేవాళ్ళకు కూడా పిలిచి చెప్పి, ఎవరైనా చెయ్యి అందిస్తే విదిలించి, చెప్పేవాళ్ళకు సందు ఎక్కడ ఉంచాను.

స్టాఫ్‌రూములో పొడుగబ్బాయి నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, నీళ్ళ సీసా అతని బల్ల మీద ఉంది, నా మొహం చూసి నేను గుమ్మం బయట అంతా విన్నానని అతనికి అర్థమైనట్టుంది, మేడం, చిన్న విషయం, నేను సర్ది చెప్పేశాను, ఎవరూ ఏమీ అనుకోలేదు అన్నాడు, అనుకోకపోవడమే బాగాలేదు నాయనా అన్నాను, రేపట్నుంచి ఆ పాఠాలు నువ్వే తిరగేయించు, నేను వెనక కూర్చుంటాను, తనిఖీకి కాదు, నేర్చుకోవడానికి, అతని చెవులు ఎర్రబడ్డాయి, మీరు నా ఎదురుగా కూర్చుంటే నాకు నోరు పెగలదు మేడం అన్నాడు, పెగలకపోతే ఇద్దరం ఒకటే అవుతాం అన్నాను, నవ్విద్దామనే అన్నాను, ఇద్దరికీ నవ్వు రాలేదు, ప్రిన్సిపాల్‌కి నేనే చెప్పాను, ఈసారి నాకు వీలు కావట్లేదండీ అని, ఆ నాలుగు ముక్కలూ అనడానికి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

మర్నాడు నేను వెనక తలుపులోంచి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను, పక్కన నిన్న నాకు మెట్టు చూపించినవాడు, సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని జరిగాడు, మెడలన్నీ ఒకసారి వెనక్కి తిరిగి ముందుకు తిరిగాయి, రెండు జడల పిల్ల మాత్రం తిరగలేదు, ఆమె వీపు బిగుసుకుని ఉంది, లేచిపోదామా అనిపించింది, ఇక్కణ్ణుంచి నల్లబల్ల ఎంత దూరం, పొడుగబ్బాయి ఘర్షణ చెప్తున్నాడు, నా వైపు చూడకుండా ఉండడానికి కిటికీకి పాఠం చెప్తున్నట్టుంది, నేల మీద నడుస్తున్నాం, మన పాదం మీద నేల చూపే ఘర్షణ ఎటువైపు ఉంటుంది అని అడిగాడు, ఇది నాకు తెలుసు, ఘర్షణ అంటే కదలికకు అడ్డుపడేది, చెయ్యి ఎత్తాను, వెనక్కి అన్నాను, నిన్నటిలాగే తలలన్నీ వంగాయి, అతను సుద్ద అటూ ఇటూ తిప్పాడు, మేడం చెప్పింది ఒక రకంగా చూస్తే, అని మొదలుపెట్టాడు, నేను అతని కళ్ళలోకే చూస్తూ ఉండిపోయాను, అతను ఆ మాట అక్కడే ఆపేసి, కాదు మేడం, తప్పు అన్నాడు, నా చెవులు కాలిపోయాయి, ఎందుకు తప్పు అని అడిగాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, అప్పుడు రెండు జడల పిల్ల మెల్లగా వెనక్కి తిరిగింది, కళ్ళ నిండా నీళ్ళున్నాయి, అయినా చెప్పింది, మేడం, పాదం నేలను వెనక్కి తోస్తుంది, జారిపోకుండా నేల పాదాన్ని ముందుకు తోస్తుంది, అందుకే నడవగలుగుతున్నాం, మరి అడ్డుపడేది కదా అన్నాను, మొండిగా, నిజంగానే నాకు అంతుపట్టక, అడ్డుపడేది జారడానికి మేడం, నడకకు కాదు అంది, ఈసారి గొంతు గట్టిగా, కాస్త విసుగ్గా కూడా వచ్చింది, ఆ విసుగు నా మొహం మీద చల్లని నీళ్ళలా పడింది, బెంచీ కింద కాలు నేలకేసి వెనక్కి నొక్కి చూశాను, సిగ్గు పోలేదు, ఎక్కడిదక్కడే ఉంది, కానీ ఇన్ని నెలలుగా మర్చిపోయినందుకు సిగ్గుపడుతున్నాననుకున్నాను, కాదు, మర్చిపోలేదని చూపించుకోవడానికి పడ్డ పాట్లకే ఈ సిగ్గంతా, నాకిది రాదు, రాదు అంతే, రానివాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాను, పక్కవాణ్ణి ఒక కాగితం అడిగాను, కలం కూడా అడిగాను, ఇంకొకసారి చెప్పమ్మా, నెమ్మదిగా, రాసుకుంటాను అన్నాను.