మోసిన నీళ్ళు

చంకన బిందెతో బసవమ్మ చర్చి మెట్లెక్కుతోంది. ఎడమవైపు చీరంతా నీరోడుతోంది.

వత్సవాయికి అవతలి పల్లెలో, వెనుకటి మిషన్ దొరలు కట్టించిన చర్చి అది. మూరెడు మందాన డంగుసున్నపు గోడలు, మొన తేలిన కిటికీలకు రంగుటద్దాలు, నేలంతా జగ్గయ్యపేట నాపరాళ్ళు. వేదిక మీది చెక్కపలకలెత్తితే కింద మెట్లతో సహా రాతి తొట్టి. ఏటికి పోనక్కరలేకుండా, గుడిలోనే మనిషిని నిలువునా ముంచి బాప్తిస్మమివ్వడానికి దొరలు చేయించిన ఏర్పాటు.

ఆ తొట్టి నింపడం బసవమ్మ పని. పడుచుదనంలో మొదలుపెట్టింది, ఇప్పుడు బిందె దించిన ప్రతిసారీ గోడ పట్టుకొని ఊపిరి కూడదీసుకుంటోంది.

"పిన్నీ, ఊరందరినీ ముంచుతావు గానీ నీ చీరెప్పుడూ సగమే తడుస్తుందేం?" పాస్టరుగారి భార్య రత్నమణి నవ్వింది.

"మోసేవాళ్ళకంతేనమ్మగారూ!"

నవ్వులాటకు అన్న ఆ మాట బసవమ్మకు లోపలెక్కడో తగిలింది. ఆమె ఏనాడూ ఆ తొట్టిలో దిగలేదు. భర్త అచ్చయ్య కామందు దగ్గర పాలేరు. "మతం మారితే పన్లోంచి తీసేస్తాడే" అని బతిమాలాడు. అతడు పోయేనాటికి అందరూ ఆమెను సంఘంలో మనిషిగానే ఎంచుతున్నారు. కాదని చెప్పడానికి సిగ్గుపడింది. బాప్తిస్మం పొందినవాళ్ళకు రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకు ఆమెకు ఎప్పుడూ వెనక గదిలో ఏదో ఒక పని ఉండేది.

దివిసీమ తుఫాను ఏట గోడ బీటవారింది. రేపటి ఆరాధనే ఆఖరుది. ఎల్లుండి నుంచి పడగొట్టడమే. కొత్తగా వేసే స్లాబు చర్చికి తొట్టి లేదు.

పొద్దువాలే వేళకు తొట్టి అంచుదాకా నిండింది. పాస్టరు ఏలీయాగారు చూసిపోవడానికి వచ్చారు. బసవమ్మ చేతులు కట్టుకొని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన తొట్టి పక్కనే కూర్చుండిపోయారు. "ఇన్నేళ్ళూ... దానికేముందమ్మా, మెల్లిగా మున్నేట్లో ఇద్దాం."

"ఏట్లో నీళ్ళు నేను మోసినవి కావుగా అయ్యగారూ! ఇదుగో, నిండుగా ఉంది. ఇప్పుడే ఇవ్వరాదా?"

"సంఘం ఎదట జరగాలమ్మా. పద్ధతి ఒకటుంది కదా! రేపు అందరికన్నా ముందు నీకే."

"అట్టాగేనండి," అంది బసవమ్మ. నీళ్ళవంక మరొకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరునాడు ఆరాధన వేళకు ఆమె రాలేదు. పిలవడానికి వెళ్ళినవాళ్ళకు, తలంటుకొని నున్నగా దువ్విన తలతో, గుడిసె గోడకు ఆనుకొని కూర్చుని కనిపించింది. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

దూరపు పల్లెలనుంచి వచ్చినవాళ్ళు కాచుకొని ఉన్నారు. ఏలీయాగారు వాళ్ళను ఒక్కొక్కరినే ఆ నీటిలో ముంచి లేపారు. సాయంత్రం సమాధుల దొడ్డిలో బసవమ్మను పాతిపెట్టేటప్పుడు, ఆమె సంఘంలో మనిషేనా అని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"ఏవండీ, బాప్తిస్మపు అంగీ ఒకటెక్కువ తీసిపెట్టారే! ఎవరికి?" వెనక గదిలోంచి రత్నమణి కేకేసింది.

తక్కిన అంగీలన్నీ పెరటి తీగమీద నీరోడుతున్నాయి. గదిలో మేకుకు ఆ ఒక్క తెల్ల అంగీ, ఇస్త్రీ మడత చెదరకుండా, పొడిగా వేలాడుతోంది.