కుడిచెయ్యి ఎత్తిన రాధిక

బీఎడ్ పరీక్షగా చెప్పే ఫైనల్ లెసన్‌కు ముందు నేను చేయవలసిన పనులు: చార్టు గీయించాలి. సిరిసిల్ల నుంచి వచ్చే ఎగ్జామినర్ మేడమ్‌కు శాలువా కొనాలి. చెప్పబోయే పాఠాన్ని పిల్లలకు ముందురోజే చెప్పి, జవాబులు బట్టీ పట్టించాలి. జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలని నేర్పాలి. చూసేవాళ్లకు అన్నీ చేతులే. ఎనిమిదో తరగతి రాధికను లైబ్రరీకి పంపాలి.

చివరి పని మా శశిధర్ రావు సారు చేర్పించారు. జగిత్యాలలో మా బీఎడ్ కాలేజీలో విద్యా తత్వశాస్త్రం చెప్పేది ఆయనే. భావవాదం ఒక రోజు, ప్రకృతివాదం ఒక రోజు చెప్పారు. పిల్లలను స్వేచ్ఛగా ఎదగనివ్వాలని నోట్సు రాయించి, మధ్యలో మాట్లాడిన ఇద్దరిని బయట నిలబెట్టారు.

"గా పిల్ల నిన్న పత్తి ఏరవోయింది, రిహార్సల్‌ల లేదు. ఏమన్న అడిగితే నీ పని ఖతం," అన్నారు, నేను పాఠం చెప్పాల్సిన కోరుట్ల బడి వరండాలో.

"పిల్లలు అడుగాల్ననే గద సార్, ప్రకృతివాదం?"

"అది పేపర్ల రాసేటందుకు, కల్యాణీ. ఇది ప్రాక్టికల్."

మాది రుద్రంగి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఈ లెసన్ పోతే టీచరు ఉద్యోగం మరో ఏడు వెనక్కి. బుద్ధిగా వెళ్లి రాధికకు చెప్పాను. ఆమె సంచీ తీసుకుని లేచింది.

"గీ పాఠం నాకు రాదు టీచర్. జర విని పోత."

పాఠం రానిదాన్ని పాఠం నుంచి పంపే వాదం నా సిలబస్‌లో దొరకలేదు. కూర్చోమన్నాను.

"తడి బట్టలు ఎట్లా ఆరుతాయి?" అని అడగగానే చేతులన్నీ లేచాయి. రాధికది కుడిచెయ్యి. మా ఏర్పాటు ఆమెకు తెలియదన్నది మరచి, ఆమెనే లేపాను.

"ఎండకు ఆరుతయి టీచర్. మరి రాత్రి దండెం మీదియి ఎట్ల ఆరుతయి?"

"టీచర్, నిన్న గిది చెప్పలే!" అని ముందు బెంచీ పూజ ఫిర్యాదు చేసింది.

ఎగ్జామినర్ మేడమ్ కలం ఆగింది. ఇక దాచేదేముంది? రెండు చేతిరుమాళ్లు తడిపించాను. ఒకటి మడిచి బల్ల మీద, ఒకటి నీడలోనే కిటికీ చువ్వకు. పిల్లలు ఉరికి ఉరికి ముట్టి చూశారు; కిటికీది ముందు ఆరుతోంది. "గాలికి టీచర్, గాలికి!" అని అందరూ ఒక్కసారే అరిచారు. ఏ చెయ్యి ఎత్తాలో ఎవరికీ గుర్తులేదు. అంతలో గంట కొట్టారు.

"క్రమశిక్షణ లేదు, పాఠం పూర్తికాలేదు," అని మేడమ్ రాశారు. తర్వాత వైవాలో ప్రకృతివాదం అంటే ఏమిటని అడిగారు. పిల్లల స్వేచ్ఛ అని నోట్సు అప్పజెప్పాను. వెరీ గుడ్ అని పూర్తి మార్కులు వేశారు.

పాసయ్యాను, కాలేజీలో అందరికన్నా చివర.

మీరు రేపు ఎగ్జామినరుగా వెళ్తే, చేతులన్నీ లేచినప్పుడు సంతోషించండి, తప్పులేదు. ఒకసారి లైబ్రరీలోకి కూడా తొంగిచూడండి. మా రాధికను గుర్తుంచుకోండి.