చెయ్యి చాచినంత దూరం

ఈ గోడ ఒక్కటి పడిపోతే అన్నీ సర్దుకుంటాయి, గొడవంతా ఈ ఇరుకులోనే ఉంది, ఇద్దరు మనుషులు మోచేతులు తగలకుండా తిరగలేని వంటగదిలో ఏ మొగుడికైనా ఒళ్ళు మండదా, అనుకుంటూ అతను మేస్త్రీ చేతిలోని సుత్తినే చూస్తున్నాడు, మేస్త్రీ ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు, సున్నం పెళ్ళ ఊడి కాళ్ళ దగ్గర చిట్లింది, దీనిమీద బరువేమీ లేదు సార్, రెండు పూటల్లో దించేస్తా, అవతలి సామాన్ల గదిలో సగం వంటగదికీ సగం మీ స్నానాలగదికీ కలిసొస్తుంది అన్నాడు, దించేస్తా అన్న మాట అతని నరాల్లో తియ్యగా పాకింది, ఆ సుత్తి నాకివ్వు అనబోయాడు, ఇటుకలు పగలాలి, ఎర్రటి పొడి లేవాలి, ముందుగా పొయ్యి పక్కనున్న ఆ పగిలిన పలక పోవాలి, పెనం తగిలిన చోటు అది, పెనం భార్యకి తగల్లేదు, గురి చూసి విసిరితే తగిలేదే, చెవి పక్కనుంచి పోయింది అంతే, మర్నాడు ఆమె ఆ పగులు మీద క్యాలెండరు తగిలించింది, ఆ తర్వాత మాత్రం ఆమె మణికట్టు విరిగింది, అదీ ఈ ఇరుకు వల్లే, తోసినప్పుడు వెనక్కి పడడానికి చోటు లేక వంటగట్టు అంచు తగిలింది, కట్టు విప్పిన రోజున ఆమె ఏడవలేదు, ఇంకొక్కసారి చెయ్యెత్తితే వెళ్ళిపోతాను అంది, అందుకే కదా ఈ ఖర్చంతా, నాన్న అమ్మ జుట్టు పట్టుకుని తలని గుమ్మానికేసి బాదిందీ ఒంటిగది ఇంట్లోనే, పెద్ద ఇల్లుంటే నాన్న మంచివాడే అయ్యేవాడు, మంచం కింద దాక్కుని ఆ ఎనిమిది దెబ్బలూ లెక్కపెడుతూ ఎనిమిదేళ్ళప్పుడే తేల్చుకున్నాడు ఆ సంగతి, మేస్త్రీ ఇంకో దెబ్బ వేశాడు, తొమ్మిది, అనుకున్నాడు అతను.

ఆమె గళ్ళ కాగితం పట్టుకుని వచ్చింది, ప్లాను మీరే గీశారామ్మా, మా ఇంజనీరుకి చూపించకండి, ఆయన ఉద్యోగం ఊడుతుంది అన్నాడు మేస్త్రీ, ఆమె నవ్వింది, పళ్ళు కనిపించేలా, సిమెంటు దుమ్ము కొట్టుకుపోయిన ఈ మనిషి ముందు నవ్వడం వచ్చు దీనికి, అతని అరచేయి బిగిసింది, ఆ నవ్వుని ఒక్క దెబ్బతో, కాదు, ఇరుకు, ఇదంతా ఇరుకు, మేస్త్రీ కాగితం వెలుతురులో పెట్టి చదువుతున్నాడు, గట్టు మధ్యలో ఎందుకమ్మా, గోడకి ఆనిస్తే చోటు మిగులుతుంది, వద్దు, చుట్టూ తిరిగేలా ఉండాలి, వంటగదికి రెండో తలుపా, అవును, పెరట్లోకి, స్నానాలగది తలుపుకి లోపల ఇనప గడియలు రెండా, బంగారం గానీ దాస్తారేంటి, ఆమె ఈసారి నవ్వలేదు, లోపల కూర్చోడానికి అరుగు, ఫోనుకి ప్లగ్గు, అవీ రాశాను చూడండి అంది, చూశానమ్మా, కానీ గట్టు వెడల్పు ఒక చెయ్యి అని రాశారు, ఎవరి చెయ్యి, నాదా మీదా, ఆయనది, అంది ఆమె, కాగితం మీంచి తలెత్తకుండా.

అయితే సార్, ఒకసారి చాచండి, కొలిచేద్దాం, మేస్త్రీ టేపు లాగి అతని భుజం దగ్గర ఆనించాడు, అతను టేపు కొస వేళ్ళ మధ్య పట్టుకుని చెయ్యి చాచాడు, కోటు కుట్టించుకునేవాడిలా, వేళ్ళు ముడవమంటారా చాపమంటారా అమ్మా, చాపాలి, దానికి ఇంకో మూర కలపండి, మూరెందుకమ్మా మధ్యలో, చేతిలో ఏదైనా ఉంటే, అంది ఆమె, మేస్త్రీ నోట్లో మొదలైన నవ్వు అక్కడే ఆగిపోయింది, అతను టేపు వదిలేశాడు, అది కొరడాలా చప్పుడు చేస్తూ డబ్బాలోకి దూరింది, ఆమె ఎడమ మోచెయ్యి దానంతటదే లేచి చెవిని కప్పుకుంది, కళ్ళు మూసుకుంది, వచ్చే దెబ్బకి ఒళ్ళంతా సిద్ధంగా ఉంది, దెబ్బ రాలేదు, అతను చూశాడు, తన వేళ్ళ చివర్నుంచి ఆమె దాకా సరిగ్గా ఒక మూర, ముందు గదిలో టీవీ చూసేటప్పుడూ అంతే, మంచం మీద అంతే, చెల్లెలి పెళ్ళి ఫోటోలో అంతే, సిగ్గనుకున్నాడు పదకొండేళ్ళుగా, ఆమె ఈ ఇంటిని ఏనాడో కొలిచేసింది, టేపు లేకుండా, తన చేత్తోనే, ఎన్ని గోడలు పడగొట్టినా ఎంత పెద్ద గది కట్టినా ఆ కొలత మారదు, మేస్త్రీ సుత్తి సంచిలో పెట్టుకుని బయట నిలబడతానమ్మా, పిలిస్తే వినపడేంత దగ్గర్లోనే ఉంటా అన్నాడు, ఆమెతోనే అన్నాడు, అతని చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, బరువెక్కింది, దించాలి, కానీ ఈ ఇంట్లో ఆ చెయ్యి కదిలితే ఒకటే అర్థం, దాన్ని ఎలా దించితే ఆమె బెదరకుండా ఉంటుందో అతనికి తెలియదు, ఎన్నడూ నేర్చుకోలేదు.