పద్నాలుగో పేజీ చీటీ

ఎనభై ఏడులో, మహర్నవమి నాడు పదకొండు గంటలకు మా ఢిల్లీ ఆఫీసులో నాకు చెమటలు పట్టాయి.

జిల్లా ఆఫీసుల కంప్యూటర్లకు మేము ప్రోగ్రాం పంపేవాళ్లం. దాన్ని వాడే పద్ధతి చెప్పే పుస్తకాన్ని తెలుగులో రాయడం నా పని. ప్రోగ్రాం మారినప్పుడల్లా, పుస్తకంలో మారిన చోట అతికించుకోవడానికి చీటీ కూడా నేనే పంపాలి. వారం కిందట కొత్త ఫ్లాపీలు అనంతపురం వెళ్లాయి. చీటీ వెళ్లలేదు. ఇంగ్లీషు పుస్తకం చూసే దశరథ్ ఆ పూట తీరిగ్గా చెప్పాడు.

"అరె భయ్యా, మూడో నంబరు ఇప్పుడు దాచడానికి కాదు, చెరిపెయ్యడానికి. దాచడానికి ఐదు. నీకు చెప్పలేదూ?"

"చెప్తే ఇలా నిలబడతానా?"

తెలుగు పుస్తకం పద్నాలుగో పేజీ నాకు కంఠతా వచ్చు. పని ముగిశాక మూడు నొక్కమని ఉంది. అనంతపురం ఆఫీసులో నాగమల్లేశ్వరి అనే అమ్మాయి ఆ పుస్తకం చూసుకుంటూనే పని చేస్తుంది. ఆరు నెలల పింఛను దరఖాస్తులు ఆ యంత్రంలోనే ఉన్నాయి. మూడు నొక్కితే ఒక్కటీ మిగలదు.

అనంతపురానికి అర్జెంటు ట్రంక్ కాల్ బుక్ చేసి, ఫోను ముందు కూర్చుని లలితా సహస్రనామం మొదలుపెట్టాను. సగంలో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాను. గంటన్నరకు లైను దొరికింది.

"అమ్మా, కొత్త ఫ్లాపీ వేశారా? మూడు నొక్కారా?"

"యాడ సార్! పార్సెలు మొన్న మూలా నక్షత్రం నాడు వచ్చింది. అట్లే మీ పుస్తకంతో పాటు సరస్వతి పూజలో పెట్టినాం. ఈ పొద్దు మిషనుకి ఆయుధపూజ. దసరా దాటేదాకా ఎవరన్నా ముట్టుకుంటారా?"

కుర్చీలో వెనక్కి వాలాను. దశరథ్ మంచినీళ్లు తెచ్చిపెట్టాడు.

"అయితే పద్నాలుగో పేజీలో మూడు కొట్టేసి ఐదు అని రాయండమ్మా. ఇప్పుడే."

"పూజలో ఉండే పుస్తకంలో ఎట్ల రాసేది సార్? కాయితం మీద రాసి దానిపైనే పెడతా. ఎల్లుండి పుస్తకం తీసినాక అతికిస్తా."

"సరే. దానికీ కాస్త కుంకుమ పెట్టండి."

ఆ సాయంత్రం మునిర్కాలో మా ఇంట్లో దీపం వెలిగిస్తూ ఆలోచించాను. కాపాడింది అమ్మవారే, సందేహం లేదు. కానీ దసరా ఏడాదికి ఒక్కసారే కదా. మిగతా రోజుల్లో ఆమెనే కాపలా కాయమనడం భక్తా, బద్ధకమా?

పండుగ వెళ్లగానే దశరథ్ చేత పార్సెళ్ల గది తలుపు మీద రాయించాను: తెలుగు చీటీ లేకుండా ఫ్లాపీ కట్టరాదు.