అర గిలాస నీళ్లు

చాచిన కాళ్ల మీద పసిదాన్ని బోర్లా పడుకోబెట్టి దేవమ్మ చెంబుతో వీపు మీద వేడినీళ్లు పోస్తోంది. పిల్ల గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది.

"ఏడువ్ బిడ్డా, ఏడువ్. నీ గొంతు బోయిన్‌పల్లి మార్కెట్ల లారీలోళ్లకు సుత వినవడాలె."

అరవై దాటినా ఆమె వేళ్లలో వణుకు లేదు. పిల్ల నుదురు నొక్కి, ముక్కు సాగదీసి, తువ్వాలులో చుట్టి, సాంబ్రాణి పొగ చూపించి అమ్మమ్మ సులోచన చేతిలో పెట్టింది.

ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో కాన్పయినా దేవమ్మకు కబురు రావాల్సిందే. పురుడు పోసేది దవాఖానలోనే అయినా, ఇల్లు చేరాక బాలింత ఆమె సొత్తు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, అన్నంలో వెల్లుల్లి కారం, మండే ఎండల్లోనూ మూసిన కిటికీలు. అన్నిటికంటే నీళ్ల దగ్గర కట్టడి. పచ్చి బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుందని ఆమెకు తల్లి చెప్పింది, తల్లికి ఎవరు చెప్పారో దేవుడికెరుక. దేవమ్మ సంచిలో ఒక చిన్న ఇత్తడి గిలాస ఉంటుంది. పూటకోసారి అందులో కాచిన వాము నీళ్లు పోస్తుంది, అదీ సగానికి మించనివ్వదు. నీళ్లు బాగా తాగించమని దవాఖానలో చెప్పారని సులోచన నసిగితే, "రేపు నీ బిడ్డ పొట్ట జారితే వాళ్లొచ్చి కడుతరా?" అని నోరు మూయించింది.

ఆ గిలాస ఆమె ఒక్కగానొక్క కూతురు కల్పలతది. చిన్నప్పుడు అందులోనే పాలు తాగేది. కల్పలత తొలికాన్పు బాలింతగా ఉండగానే పోయింది. తలనొప్పి అంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంది, తెల్లారేసరికి లేదు. గాలి సోకిందన్నారు. తన పథ్యం ఎక్కడో సడలినందుకే గాలి సోకిందని దేవమ్మ నమ్మింది. తర్వాత ఏ ఇంట్లోనూ సడలనివ్వలేదు. కడుపుకోత ఆమె చేతికి అంత పట్టు ఇచ్చింది.

గదిలో సులోచన కూతురు, బాలింత హిమజ మంచం మీద దిండుకు చేరగిలబడి ఉంది. పెదాలు ఎండి పొట్టు లేస్తున్నాయి.

"అవ్వా, తల పగిలిపోతుంది. పండుకుంటే ఇంకా ఎక్కువైతుంది. పొద్దుగాల కక్కిన సుత. జెర నీళ్లియ్యవా."

"చలువ తగిలింది బిడ్డా. ఓర్చుకో." దేవమ్మ తలగుడ్డ విప్పి మరింత బిగించి కట్టింది.

"అవ్వా, నువ్వు నాకు ఇద్దరు కనవడుతున్నవ్."

"ఒక్క దేవమ్మనే తట్టుకోలేకపోతున్నరు మీ ఇంట్ల. ఇద్దరైతే ఎట్లనే?" అని నవ్వి గిలాస నోటికి అందించింది. హిమజ ఒక్క గుక్కలో తాగేసి అడుగున మిగిలిన చుక్క కోసం నాలుక చాచింది. దేవమ్మ గిలాస లాక్కుని సంచిలో వేసుకుంది.

మధ్యాహ్నం హిమజ కుడిచెయ్యి దానంతట అదే ఎగరడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకుంది, నోట్లోంచి నురగ వచ్చింది. పిల్లను చూడటానికి సెలవు పెట్టి వచ్చిన భర్త లక్ష్మణ్ పరుగెత్తుకొచ్చాడు.

"గాలి సోకింది! సులోచనమ్మా, యాపమండలు తే!" దేవమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పచ్చి బాలింతను ఎండల తీస్తవా? సస్తది!"

"జరుగవ్వా!" లక్ష్మణ్ ఆమెను భుజంతో నెట్టి, హిమజను ఎత్తుకుని ఆటో ఎక్కాడు. పిల్లను ఒళ్లో పెట్టుకుని సులోచనతో పాటు దేవమ్మ వెనక ఇంకో ఆటోలో వెళ్లింది. తాడ్‌బండ్ దాటేదాకా దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉంది.

దవాఖానలో తీసిన మొదటి స్కానింగ్‌లో ఏమీ తేలలేదు. డాక్టర్ ప్రిసిల్లా మెదడు నరాలు కనపడేలా ఇంకోటి తీయించి, చీకటి పడకముందే బయటికి వచ్చింది.

"మెదడు నుంచి రక్తం కిందికి తెచ్చే నరంల గడ్డ కట్టింది. రక్తం పోయే తొవ్వ లేక మెదడు ఉబ్బింది. తలనొప్పి, ఫిట్స్, చూపు రెండు రెండుగ కనవడుడు, అన్నీ దానివల్లనే. కాన్పైనంక కొన్ని వారాలు రక్తం ఎట్లాగూ చిక్కగనే ఉంటది. నీళ్లు తక్కువైతే ఇంకా చిక్కబడ్తది. తాగుతుందా నీళ్లు?"

సులోచన తల దించుకుంది.

"గడ్డ పెరగకుండ ఇంజెక్షన్లు షురూ చేసినం. పడిపోయిన కుడిచెయ్యి నెమ్మదిగ వస్తది. తర్వాత కొన్ని నెలలు గోలీలు వాడాలె. టైంకు తెచ్చిండ్రు, బతికింది."

గోడకు ఆనుకుని కింద కూర్చున్న దేవమ్మ తలెత్తింది. "డాక్టరమ్మా, గీ బీమారీ ఎన్కట సుత ఉండెనా?"

"ఎప్పుడూ ఉంది పెద్దమ్మా. తెలువక గాలి, దయ్యం అనేటోళ్లు."

"గప్పుడు నీళ్లు తాపితే..."

"ఒక్క నీళ్లతోనే అని చెప్పలేం. తాపాలె. దవాఖానకు తేవాలె."

డాక్టర్ ఇంకేదో చెబుతోంది. దేవమ్మకు వినపడలేదు. ఆమెకు కల్పలత గొంతే వినిపిస్తోంది. అమ్మా, ఒక్క గుక్క. తను కుండ ఎత్తుకెళ్లి పక్కింట్లో దాచింది. ఇన్నేళ్లూ కట్టడి సడలినందుకు బిడ్డ పోయిందని ఏడ్చింది. సడలించనందుకు పోయిందా? నోరు తెరిచింది, ఏడుపు రాలేదు. ఒళ్లో పిల్ల కదిలితే ఉలిక్కిపడి, ఆ పిల్ల ఎవరిదో ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయింది.

దీపాలు పెట్టే వేళకు హిమజ కళ్లు తెరిచింది. నర్సు చెంచాతో నీళ్లు పట్టింది, హిమజ మింగింది. మరో చెంచా, మరొకటి. ప్రతి గుక్కకూ దేవమ్మ గొంతు కూడా కదిలింది.

"తప్పు నాది సుత దేవమ్మా," సులోచన మెల్లగా అంది. "నేను ఒప్పుకున్న గదా."

ఆమె తిడితే బాగుండేదనిపించింది దేవమ్మకు. పిల్లను లక్ష్మణ్ చేతుల్లో పెట్టింది. మంచం దగ్గరికి వెళ్లి, హిమజ తలకు తను పొద్దున బిగించిన గుడ్డ ముడి విప్పింది. చెవుల్లో దూది తీసేసింది.

"అవ్వా, రేపు పిల్లకు నీళ్లు పోస్తవ్ గదా?" హిమజ గొణిగింది.

దేవమ్మ సంచి చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాత బోయిన్‌పల్లిలో ఏ ఇంటికీ రాలేదు.

ఆమె వెళ్లిన రాత్రి చూస్తే, హిమజ తలగడ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, చిన్న ఇత్తడి గిలాస ఉంది. దాని నిండా, అంచుదాకా, నీళ్లున్నాయి.